ఎనిమిది మంది నేస్తాలు, ఒక ఆదివారం మధ్యాహ్నం: ఆడవాళ్ళ స్నేహం మీద ఏ సినిమా చూడాలి, ఎక్కడ చూడాలి

బెజవాడ పటమట నుంచి ముగ్గురు, మొగల్రాజపురం నుంచి ఇద్దరు, గుంటూరు బ్రాడీపేట నుంచి మరో ముగ్గురు. డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళో, పదేళ్ళుగా ఒకే ఆఫీసులో క్యారేజీలు పంచుకుంటున్నవాళ్ళో అనుకోండి. నానా తంటాలూ పడి నెలలో ఒక ఆదివారం అందరికీ కుదిరింది. ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళ స్నేహం మీద మంచి సినిమా, కాస్త కళ్ళు తడిపేది, కలిసి చూడాలి. ముందు తీర్పు చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఒక్కటే చూసే వీలుంటే ‘డోర్’ చూడండి. అందరూ సబ్‌టైటిల్స్ చదవగలిగి, గది బాగా చీకటిగా ఉంటే ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’. అరవై దాటిన అమ్మలు, అత్తలు కూడా వస్తుంటే తమిళ ‘మగళిర్ మట్టుమ్’. నవ్వూ ఏడుపూ చెరిసగం కావాలంటే కొరియా సినిమా ‘సన్నీ’.

ఈ కోవ సినిమాలు చాలావరకు ఒకే మందు మీద నడుస్తాయి. ఇద్దరు స్నేహితురాళ్ళు, ఒకరికి పెద్ద జబ్బు, చివర్లో ఆసుపత్రి మంచం. ఏడుపు వస్తుంది, రాకుండా ఎలా ఉంటుంది. కానీ అది జబ్బు తెప్పించిన ఏడుపు. రెండు రోజులు పోయాక ఆ స్నేహం ఎలా ఉండేదో గుర్తురాదు, మంచం మాత్రం గుర్తుంటుంది. మనసులో నిలబడిపోయే సినిమాలో ఇద్దరి మధ్య ఏదో ఒక బాకీ ఉంటుంది: ఒకరు దాచిన నిజమో, ఒకరు పొందిన సాయమో, అడగలేక మింగేసిన మాటో. అది ఎప్పుడు బయటపడుతుందా, ఎలా తీరుతుందా అని చూస్తూ కూర్చుంటాం. తీరిన క్షణంలో కళ్ళు వాటంతటవే నిండుతాయి. ఇక్కడ చెప్పే ప్రతి సినిమాకీ కొలత ఇదే.

ఆ కొలతకు నూటికి నూరుపాళ్ళూ తూగేది ‘డోర్’. 2006లో వచ్చిన హిందీ సినిమా. తీసింది మన హైదరాబాద్ మనిషి నగేశ్ కుకునూర్. 2004లో కమల్ తీసిన మలయాళ సినిమా ‘పెరుమళక్కాలం’ దీనికి మూలం. జీనత్ హిమాచల్‌లో ఉంటుంది, మీరా రాజస్థాన్‌లో. ఇద్దరి మొగుళ్ళూ సౌదీలో పనికి వెళ్ళారు, ఒకే గదిలో ఉన్నారు. మీరా భర్త బాల్కనీ మీంచి పడి చనిపోతాడు. తోసింది జీనత్ భర్తేనని తేల్చి అక్కడ మరణశిక్ష వేస్తారు. చనిపోయినవాడి భార్య మాఫీనామా మీద, అంటే క్షమాపణ కాగితం మీద, సంతకం పెడితేనే ఆ శిక్ష తప్పుతుంది. జీనత్ దగ్గరున్న ఆధారమల్లా ఇద్దరు మగాళ్ళూ కలిసి దిగిన ఒక ఫొటో. ఆ ఫొటో పట్టుకుని ఊరు పేరు తెలియని విధవరాలిని వెతుక్కుంటూ ఎడారికి వస్తుంది.

ఇక్కడే దర్శకుడు ఒక పని చేశాడు, దానివల్లే సినిమా నిలిచింది. జీనత్ మీరాని కలుసుకుంటుంది గానీ తానెవరో చెప్పలేకపోతుంది. మీరాకి ఇంట్లోంచి గుడికి వెళ్ళడం తప్ప మరో గడప లేదు. ఆ గుడి దగ్గరే రోజూ కలుస్తారు, కబుర్లు చెప్పుకుంటారు, నెమ్మదిగా ప్రాణస్నేహితులవుతారు. అంటే మనకి తెలుసు, జీనత్‌కి తెలుసు, మీరాకి మాత్రం తెలియదు. మీరా పకపకా నవ్విన ప్రతిసారీ చూసేవాళ్ళ గుండె కలుక్కుమంటుంది. శ్రేయస్ తల్పడే వేసిన పగటివేషగాడితో కలిసి ఇసుక తిన్నెల మధ్య ముగ్గురూ డాన్స్ చేసే చోట గది గదంతా నవ్వుతుంది, ఆ నవ్వులోనే గొంతుకి ఏదో అడ్డం పడుతుంది. పెళ్ళికి ముందు నుంచీ డాన్సంటే పడిచచ్చే పిల్ల, ఒంటి మీద వితంతువు బట్టలతో, ఎవరూ చూడని చోట మాత్రమే కాళ్ళు కదుపుతోంది. ఆయేషా టాకియా దీనికంటే బాగా మరెక్కడా చేయలేదు. గుల్ పనాగ్ ముఖం మీద అబద్ధం బరువు చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది.

తెలుగువాళ్ళకి ఇది ఇంకాస్త దగ్గరగా తగలడానికి కారణం గల్ఫ్. కోనసీమలో, కడపలో, కరీంనగర్‌లో మొగుడో పెళ్ళామో కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న ఇళ్ళు ఎన్ని లేవు! డబ్బు వచ్చే రోజు, ఫోను వచ్చే రోజు చుట్టూ అల్లుకున్న బతుకు వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. గిరీశ్ కర్నాడ్ మామగారిగా చేశారు. హవేలీ అప్పు తీరడం కోసం కోడలిని ఫ్యాక్టరీ యజమానికి ధారపోయడానికి సిద్ధపడే మనిషి, గొంతు పెంచకుండానే భయపెడతారు. ఆ యజమాని వేషం వేసింది దర్శకుడే. ఉత్తరా బావ్కర్ చేసిన ముసలమ్మ పాత్రని వదలకుండా గమనించండి. మొదట్లో కోడలిని తిట్టే విధవ ముసలమ్మే, చివర్లో తనకు దొరకని తలుపు ఆ పిల్లకి తెరుస్తుంది. రైలు కదులుతుండగా మాఫీనామా చేతులు మారే చివరి ఘట్టం గురించి ఇంతకంటే చెప్పకూడదు.

లోపం లేదా? ఉంది. రెండున్నర గంటలకి మూడు నిమిషాలు తక్కువ. మొదటి అరగంట హిమాచల్‌కీ రాజస్థాన్‌కీ మధ్య గెంతుతూ ఉంటుంది. ఎవరు ఎవరి భార్యో కుదురుకునేలోపు ఆలస్యంగా వచ్చినవాళ్ళు తికమకపడతారు. పావుగంట లేటుగా వచ్చేవాళ్ళు మీ జట్టులో ఉంటే (ఉంటారు) మొదలుపెట్టకుండా ఆగండి. హిందీ అర్థం కానివాళ్ళుంటే రెండు ముక్కలు ముందే చెప్పేయండి: ఇద్దరి మొగుళ్ళూ ఒకే గదిలో ఉండేవాళ్ళు, క్షమాపణ కాగితం మీద సంతకం కావాలి. కథ చెడిపోదు. ఎందుకంటే ఇందులో ఉత్కంఠ ఏం జరిగిందన్న దానిలో లేదు, ఎప్పుడు చెబుతుందన్న దానిలో ఉంది.

పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ 2024లో కాన్ చిత్రోత్సవంలో రెండో పెద్ద బహుమతి గ్రాన్ ప్రీ గెలిచింది. ముప్పై ఏళ్ళ తర్వాత అక్కడి ప్రధాన పోటీలో నిలిచిన భారతీయ సినిమా ఇది. ఇండియాలో దీన్ని విడుదల చేసింది రానా దగ్గుబాటి సంస్థ. ముంబయి ఆసుపత్రిలో పనిచేసే ఇద్దరు మలయాళీ నర్సులు ప్రభ, అను ఒకే గదిలో అద్దెకుంటారు. అదే ఆసుపత్రి వంటగదిలో పనిచేసే పార్వతి మూడో మనిషి. ప్రభ భర్త పెళ్ళవగానే జర్మనీ వెళ్ళిపోయాడు, మాటా పలుకూ లేదు. చిన్నదైన అను ఒక ముస్లిం కుర్రాడిని ప్రేమిస్తోంది. మొగుడు పోయాక కాగితాలేవీ లేక పార్వతి ఇల్లు బిల్డరు చేతికి పోతోంది.

ఒక్క ఘట్టం దగ్గరగా చూద్దాం. పంపినవాళ్ళ పేరు లేకుండా పార్సిల్ వస్తుంది, లోపల ఎర్రటి కొత్త రైస్ కుక్కర్. జర్మనీలో తయారైందని దాని మీదే ఉంది. భర్త పంపాడా? ఉత్తరం ముక్క లేదు. ప్రభ దాన్ని వాడదు, పారేయదు, ఒక మూల పెడుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక, వాన చప్పుడులో, వంటింటి నేల మీద కూర్చుని ఆ కుక్కర్‌ని దగ్గరికి లాక్కుని కావలించుకుంటుంది. డైలాగ్ లేదు, సంగీతం ఊదరగొట్టడం లేదు. కని కుస్రుతి చేసిన ఆ అర నిమిషం కోసమే ఈ సినిమా చూడొచ్చు. అదే మనిషి అను ప్రేమ సంగతి విని మొదట చిరాకుపడుతుంది, మాట జారుతుంది. చివర్లో సముద్రం ఒడ్డున, లైట్లు వెలుగుతున్న చిన్న కొట్టు దగ్గర, అను దాచిన కుర్రాడిని వచ్చి తమ పక్కన కూర్చోమనేది కూడా ఆమే. బాకీ అక్కడ తీరింది. ఎవరూ ఎవరికీ సారీ చెప్పుకోరు.

పార్వతితో కలిసి ప్రభ బిల్డరు హోర్డింగ్ మీద రాళ్ళు రువ్వే చోట మన జట్టులో చప్పట్లు పడతాయి, ఖాయం. అయితే నెమ్మది సినిమా. అరగంటకే ఫోన్లు వెలిగించే గుంపుతో దీన్ని చూడకండి, సినిమాకీ అన్యాయం, మీకూ అసహనం. శృంగార సన్నివేశం ఒకటుంది, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. పగటి వెలుగు పడే హాల్లో పెడితే సగం బొమ్మ కనపడదు, ముంబయి భాగమంతా రాత్రి, నీలం, వాన. ఇంటర్వెల్ ఇవ్వాలనుకుంటే ముగ్గురూ నగరం వదిలి రత్నగిరి వైపు పల్లెకి బయల్దేరే చోట ఆపండి. అక్కణ్నుంచి సినిమా వెలుతురే మారిపోతుంది.

ఇంగ్లీషు వాటిలో అందరూ మొదట చెప్పే పేరు ‘స్టీల్ మాగ్నోలియాస్’. 1989 సినిమా, రెండు గంటలకి లోపే. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో ఇంటికి ఆనుకుని పెట్టిన బ్యూటీ పార్లర్, అక్కడికి వచ్చే ఆరుగురు ఆడవాళ్ళు. చక్కెర జబ్బు ఉన్న తన చెల్లెలు చనిపోయాక రాబర్ట్ హార్లింగ్ రాసిన నాటకం దీనికి ఆధారం. పైన చెప్పిన జబ్బు సూత్రమే ఇక్కడా ఉంది, కానీ ఇది ఎందుకు తేడాగా నిలబడిందంటే, సినిమా కూతురి మరణం మీద కాక మిగిలినవాళ్ళ చేతుల మీద ఉంటుంది: జుట్టు కడిగే చేతులు, కుర్చీ తిప్పే చేతులు. స్మశానంలో తల్లి శాలీ ఫీల్డ్ కోపంతో ఊగిపోతూ ఎవరినైనా కొట్టాలనుంది అని అరుస్తుంది. అప్పుడు ఒక స్నేహితురాలు పక్కనున్న మరో స్నేహితురాలిని ముందుకి లాగి, ఇదిగో దీన్ని కొట్టు అంటుంది. గుండెలు బాదుకుంటున్నవాళ్ళు ఒక్కసారిగా ఫక్కుమంటారు. చావింట్లో నవ్వు తెప్పించడం ఎంత దగ్గరి మనిషికి సాధ్యమో మన పల్లెల్లో ఎవరికైనా తెలుసు.

ఈ సినిమా పెట్టేముందు ఒక్క విషయం కనుక్కోండి. జట్టులో ఎవరి ఇంట్లోనైనా టైప్ 1 షుగరున్న బిడ్డ ఉంటే, కూతుర్ని పోగొట్టుకున్నవాళ్ళు ఉంటే ఇది వద్దు. పార్లర్ కుర్చీలో జూలియా రాబర్ట్స్‌కి షుగర్ పడిపోయి వణికిపోయే ఘట్టం చాలా నిజంగా తీశారు. బలవంతంగా జ్యూస్ తాగించడం సరైన పనే. మాట వచ్చింది కాబట్టి: ఇన్సులిన్ తీసుకునే నేస్తం పక్కన చెమటలు పట్టి తడబడుతుంటే, మింగే తెలివిలో ఉంటే, పదిహేను గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీళ్ళలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలాగి గ్లూకోమీటర్‌లో చూడాలి. 70 దాటకపోతే మళ్ళీ అంతే. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. సినిమా పేరుతో భోజనం ఆలస్యం చేసే మధ్యాహ్నాల్లో ఇది అక్కరకొచ్చే సంగతే. క్రిస్మస్ వేడుకలో కూతురు గర్భం సంగతి బయటపెట్టే చోటు ఇంటర్వెల్‌కి బాగుంటుంది.

‘ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్’ 1991లో వచ్చింది, 2 గంటల 10 నిమిషాలు. వృద్ధాశ్రమంలో ఒక ముసలమ్మ, ఆమె దగ్గరికి వచ్చే నడివయసు ఇల్లాలు. ముసలమ్మ చెప్పే పాత కథలో హోటల్ నడిపిన ఇద్దరు స్నేహితురాళ్ళు. జెస్సికా టాండీ అప్పటికే ఎనభై దాటిన మనిషి, కథ చెప్పే తీరులో మన అరుగు మీద అమ్మమ్మే కూర్చున్నట్టుంటుంది. పాత కథలో తన్నే మొగుడి నుంచి నేస్తాన్ని లాక్కొచ్చే భాగం బలంగా ఉంటుంది. కానీ కథలో కథ కావడంతో ఇంగ్లీషు యాస పట్టుకోలేనివాళ్ళకి ఎప్పటి సంగతి ఎప్పుడు జరుగుతోందో తెలియక చిక్కు వస్తుంది. మాంసం వంటకి సంబంధించిన ఒక మలుపు శాకాహారులకి అస్సలు గిట్టదు. ఇంట్లో నలుగురు చూడొచ్చు గానీ ఎనిమిది మంది గుంపుకి మొదటి ఎంపిక కాదు.

‘సన్నీ’ సంగతి వేరు. 2011లో కాంగ్ హ్యాంగ్ చాల్ తీశాడు, 2 గంటల 4 నిమిషాలు. నడివయసు ఇల్లాలు నామీకి ఆసుపత్రిలో హైస్కూలు నాటి నాయకురాలు కనిపిస్తుంది, రెండు నెలలకి మించి బతకదు. పోయేలోపు మన ఏడుగురినీ ఒకసారి చూడాలి అంటుంది. అక్కణ్నుంచి వెతుకులాట. ఇక్కడా జబ్బు ఉంది, నిజమే. కానీ ఏడుపు తెప్పించేది చనిపోయే మనిషి కాదు. ఈ ఆడవాళ్ళంతా పెళ్ళిళ్ళలో, ఉద్యోగాల్లో, అప్పుల్లో తమని తాము ఎక్కడ పారేసుకున్నారో ఒక్కొక్కరి తలుపు తడుతుంటే బయటపడుతుంది. పల్లె యాసతో నగరం స్కూల్లోకి వచ్చిన నామీని తోటి పిల్లలు ఎగతాళి చేసే చోట, పల్నాడు నుంచో ప్రకాశం నుంచో వచ్చి బెజవాడ కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో మొదటి వారం నోరు విప్పని పిల్లలు గుర్తుకొస్తారు. చిన్నప్పటి నామీగా చేసిన షిమ్ ఉన్ క్యుంగ్ తర్వాత 2014లో ‘మిస్ గ్రానీ’ చేసింది. అదే 2019లో నందినీరెడ్డి చేతిలో సమంత ‘ఓ బేబీ’ అయింది. జట్టులో ‘ఓ బేబీ’ నచ్చినవాళ్ళుంటే ఆ మాట చెప్పి కూర్చోబెట్టండి, కొరియా సినిమా అన్న బెరుకు పోతుంది. రంగులు, పాటలు, గొడవలు ఎక్కువ కాబట్టి గది కాస్త వెలుతురుగా ఉన్నా ఇబ్బంది లేదు. స్కూలు పిల్లల కొట్లాటలు, బూతులు ఉన్నాయి, అది మాత్రం తెలిసి ఉండాలి.

పెద్దవాళ్ళతో అయితే ‘మగళిర్ మట్టుమ్’. ఆ పేరుతో రెండున్నాయి, రెండూ మంచివే. 1994 నాటిది మన సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ఆఫీసు హాస్యం. ఇక్కడ చెబుతున్నది 2017లో బ్రమ్మ తీసినది. హాస్టల్లో ఉన్నప్పుడు దొంగచాటుగా సినిమాకి వెళ్ళి దొరికిపోయి విడిపోయిన ముగ్గురు నేస్తాలు, ఊర్వశి, భానుప్రియ, శరణ్య. ఊర్వశికి కోడలు కాబోతున్న జ్యోతిక వాళ్ళని మళ్ళీ కలిపి ప్రయాణానికి తీసుకెళ్తుంది. ‘స్వర్ణకమలం’ భానుప్రియని ఇంటి చాకిరీలో నలిగిపోయిన ఇల్లాలిగా చూస్తే మన అమ్మల తరానికి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. రెండో సగంలో సాగదీత ఉంది, మగవాళ్ళకి చెప్పే పాఠాలు కాస్త గట్టిగా వినిపిస్తాయి. అయినా ముగ్గురూ ఇన్నేళ్ళకి ఒకరినొకరు మళ్ళీ చూసుకునే ఘట్టం కోసం ఆ లోపాలన్నీ మాఫీ.

మరి తెలుగులో ఏవి? ఈ ప్రశ్న ప్రతి జట్టులో వస్తుంది, బాధతోనే జవాబు చెప్పాలి. మన దగ్గర నాయిక స్నేహితురాలికి అనాదిగా ఒకటే ఉద్యోగం. ఉష కలలో చూసినవాడి బొమ్మ గీసి, ద్వారకకి పోయి అనిరుద్ధుణ్ని తెచ్చి ఇచ్చిన చిత్రలేఖ నుంచి మొదలు, కాలేజీ సినిమాల్లో చీటీలు మోసే పిల్ల దాకా. చిత్రలేఖకి అంత విద్య ఉంది కదా, ఆమె కథేమిటి అని ఎవరూ అడగలేదు. ‘అంతులేని కథ’లో (1976) జయప్రద పక్కన ఫటాఫట్ జయలక్ష్మి చేసిన స్నేహితురాలికి సొంత బతుకు, సొంత తప్పులు, సొంత నోరు ఉన్నాయి. ఇన్నేళ్ళ తర్వాతా ఆ పాత్ర తాజాగా ఉంది. కానీ కథ స్నేహానిది కాదు, కుటుంబాన్ని మోసే ఆడదానిది. 2022లో వచ్చిన ‘శాకిని డాకిని’ ఇద్దరు కుర్రాళ్ళ కొరియా సినిమాని రెజీనా, నివేదా థామస్‌ల మీదికి తిప్పింది. పోలీసు ట్రైనింగులో ఒకరినొకరు సహించలేని ఇద్దరు దగ్గరవడం సరదాగా మొదలవుతుంది, ఇంతలో ముఠా వెంట పరుగు మొదలై స్నేహం వెనక సీటులోకి వెళ్ళిపోతుంది. అట్లతద్ది నాడు తెల్లారగట్ల లేచి, గోరింటాకు చేతులతో చద్దన్నం తిని, ఉయ్యాలలూగే నేస్తాల పండగ ఉన్న భాషలో ఆ నేస్తాల సినిమా ఇంకా రావలసే ఉంది.

జాగ్రత్తగా చూడవలసినవి రెండు. ‘పార్చ్‌డ్’ (2015) ఎడారి పల్లెలో నలుగురు ఆడవాళ్ళ కథ. ‘టైటానిక్’కి ఆస్కార్ అందుకున్న రస్సెల్ కార్పెంటర్ కెమెరా, తన్నిష్ఠా ఛటర్జీ, రాధికా ఆప్టే నటన గొప్పగా ఉంటాయి. కానీ ఇంట్లో కొట్టడం, నగ్న దృశ్యాలు సూటిగా చూపిస్తుంది. అలాంటి ఇంటి నుంచి వచ్చినవాళ్ళు జట్టులో ఉన్నారేమో మనకి తెలియకపోవచ్చు కూడా. అందుకే ముందే అందరికీ చెప్పి, వద్దన్న ఒక్కరి మాటకే విలువివ్వండి. ‘థెల్మా అండ్ లూయిస్’ (1991) కాలీ ఖౌరీకి స్క్రీన్‌ప్లే ఆస్కార్ తెచ్చింది, గొప్ప సినిమా. ముగింపు మాత్రం గదిని మూగబోయేలా చేస్తుంది. పుట్టినరోజు కేకు కోసే మధ్యాహ్నానికి కుదరదు.

ఇక గది. బెజవాడలో, గుంటూరులో ఇప్పుడు గంటల లెక్కన ఇచ్చే ప్రైవేటు మినీ థియేటర్లు దొరుకుతున్నాయి. ఇవి ఎక్కువగా పుట్టినరోజుల కోసం పెట్టినవి. బెలూన్లు, పొగ, కేకు బల్ల అన్నీ ఉంటాయి, సినిమా చివరి మాట. అందుకని బుక్ చేసేముందు అడగవలసినవి వేరు. స్లాటు మూడు గంటలంటే అందులో అలంకరణ, కేకు, ఫొటోల సమయం కూడా కలిసే ఉంటుంది. ‘డోర్’ నడిచేదే 2 గంటల 27 నిమిషాలు. లాగిన్లకి పావుగంట, మధ్యలో పది నిమిషాలు కలిపితే ఎనిమిది నిమిషాలు మిగులుతాయి. తర్వాతి బుకింగ్ వాళ్ళు బయట నిలబడి ఉంటే, కళ్ళు తుడుచుకుంటూ చెప్పులు వెతుక్కోవాలి. ‘డోర్’ అయితే నాలుగు గంటలు తీసుకోండి, లేదా అలంకరణ వద్దని ముందే చెప్పండి. తలల లెక్కకి మించితే అదనంగా ఎంత తీసుకుంటారో, బయటి తిండి రానిస్తారో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.

చాలాచోట్ల ఓటీటీ ఖాతా మనదే ఇవ్వమంటారు. కొత్త టీవీలో లాగిన్ అవుతుంటే ఓటీపీ ఖాతా ఉన్నవాళ్ళ ఫోనుకి పోతుంది. ఆ మనిషి హైదరాబాద్‌లో నిద్రపోతుంటే ఇక్కడ ఎనిమిది మంది ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి. ఖాతాదారుని ముందే మేల్కొలిపి ఉంచండి. ఫోన్ తెరని అలాగే టీవీకి మిర్రర్ చేద్దామనుకోకండి. కాపీ రక్షణ వల్ల చాలా యాప్‌లలో మాటలు వినిపిస్తాయి, బొమ్మ నల్లగా ఉండిపోతుంది. టీవీలోనే ఉన్న యాప్ గానీ టీవీకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్ గానీ వాడాలి. పైగా ఏ సినిమా ఏ యాప్‌లో ఉందన్నది మారిపోతూ ఉంటుంది. శనివారం రాత్రి ఒకసారి తెరిచి, ఐదు నిమిషాలు నడిపి, సబ్‌టైటిల్స్ వస్తున్నాయో లేదో చూసుకున్నాకే ఆదివారం మాట ఇవ్వండి. వెళ్ళేటప్పుడు ఆ టీవీలో లాగౌట్ కావడం మరవద్దు.

ఇంట్లోనే అయితే 43 అంగుళాల టీవీ ముందు ఎనిమిది మంది అంటే వెనక కుర్చీలవాళ్ళకి సబ్‌టైటిల్స్ అందవు. రెండు మీటర్ల లోపు నలుగురికే అది సరి. అద్దెకో అరువుకో ప్రొజెక్టర్ తెచ్చుకుంటే, 100 అంగుళాల బొమ్మకి గోడ మీద 221 సెంటీమీటర్ల వెడల్పు, 125 సెంటీమీటర్ల ఎత్తు ఖాళీ కావాలి. మన హాళ్ళలో దేవుడి పటాలు, క్యాలెండర్ దించితే గానీ అంత చోటు దొరకదు. వెలుగు లెక్క అడిగేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకె కాదు, ఆన్సీ ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు) ఎంతో అడగండి. 500 ఉంటే తలుపులు మూసిన చీకటి గదిలో సరిపోతుంది. తక్కువైతే ‘డోర్’ ఎడారి ఎండ ఎలాగో కనిపిస్తుంది, ముంబయి రాత్రులు బూడిద అయిపోతాయి. పడమటి కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి, మూడు దాటాక ఎండ నేరుగా గోడ మీదికి వస్తుంది.

ధ్వని దగ్గర ఎక్కువమంది పొరపాటు పడతారు. బ్లూటూత్ స్పీకర్ పెడితే మాట పెదవుల కన్నా కాస్త వెనకబడి వస్తుంది. పాటలకి పర్వాలేదు, ముఖాలు చూసే సినిమాకి ప్రాణం తీస్తుంది. ఆక్స్ వైరుతోనో, టీవీ హెచ్‌డీఎంఐ ఆర్క్ పోర్టు నుంచో కలపండి. సీలింగ్ ఫ్యాన్ ఒకటిలో పెట్టి ఏసీ ముందే వేసి గది చల్లబరచండి. మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపమనడం దయలేని మాటే, కానీ కుక్కర్ ఘట్టంలో వాన చప్పుడు ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతే ఘట్టమే లేదు. సబ్‌టైటిల్స్ అక్షరాలు యాప్ సెట్టింగుల్లో పెద్దవిగా, వెనక నల్ల పట్టీతో పెట్టుకోండి. ఎడారి తెలుపు మీద తెల్ల అక్షరాలు ఎవరికీ కనపడవు.

తిండి విషయంలో ఒక్కటే నియమం: కళ్ళు పళ్ళెంలోకి దించకుండా, చప్పుడు కాకుండా ఒక చేత్తో తినగలగాలి. జంతికలు, మిక్చర్ పొట్లాలు చప్పుడు. కజ్జికాయ రాలుతుంది. మిర్చి బజ్జీ ఉల్లిపాయలు దట్టించి తినేది, తెర వైపు చూస్తూ తింటే చీరంతా అవుతుంది, అదీ పునుగులూ ఇంటర్వెల్‌కి ఉంచండి. సినిమా నడుస్తుండగా సున్నుండలంత మంచివి లేవు. గుంటూరువాళ్ళు చీకటి పడకుండా ఇల్లు చేరాలంటే ఒంటిగంటన్నరకి బొమ్మ మొదలవ్వాలి, అంటే భోజనం పన్నెండుకే. ముప్పై ఐదు కిలోమీటర్లే అయినా ఆదివారం సాయంత్రం వారధి దగ్గర ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

ఇంకొక్కటి. ప్రైవేటు థియేటర్లలో పేర్లు పడటం మొదలవగానే కుర్రాడు వచ్చి లైట్లన్నీ వేసేస్తాడు, అతని డ్యూటీ అది. ‘డోర్’ అయినా ‘సన్నీ’ అయినా ఆ రెండు నిమిషాల చీకటి చాలా అవసరం. ముక్కు చీదుకోవాలి, పక్కన ఉన్న చెయ్యి ఎవరిదో చూడకుండా పట్టుకోవాలి. లోపలికి వెళ్ళేటప్పుడే అతనితో చెప్పండి: బాబూ, మేం తలుపు తీసేదాకా లైటు వేయకు.